ఏటి ఒడ్డున కూర్చున్న ఆమెను చూడనివ్వండి



కిందటి నెలలో మా ఊరి గ్రంథాలయంలో ఒక సాహిత్య సమావేశం జరిగింది. ఆనాటి నుంచి నా మనసులో ఒక ముల్లు దిగబడి ఉంది. దానిని తీసి బయట పడవేయటానికే ఈ టపా. కొందరికి నా మాటలు కటువుగా తోచవచ్చు. ముందుగానే చెబుతున్నాను, ఆ కటువుతనంలో పెద్దవాటా నాకు నేను వడ్డించుకున్నదే.

సమావేశంలో చర్చాంశం ‘కవిత్వంలో ప్రకృతి’. ఒక యువ అధ్యాపకుడు తన ప్రసంగానికి ముందు గోడమీద ఒక చిత్రపటం వేసి చూపించాడు. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1868లో వేసిన ‘సేన్ నది ఒడ్డున, బెన్‌కూర్’ అనే చిత్రం. ఒక స్త్రీ చెట్టునీడన, గడ్డి ఒడ్డుమీద కూర్చుని ఎండలో మెరుస్తున్న నీటిని, ఆవలి ఒడ్డును చూస్తూ ఉంటుంది. అంతే ఆ చిత్రం.

ఆ అధ్యాపకుడు నోరు విప్పేలోగా సభలో మూడు తీర్పులు వెలువడ్డాయి.

మొదటివారు ఒక వ్యాపారస్థులు, సభకు చందా ఇచ్చినవారు. “ఎంత ప్రశాంతంగా ఉందండీ! మా ధ్యానమందిరంలో పెట్టుకుంటే ఒత్తిడి అంతా పోతుంది” అన్నారు. రెండవవారు అభ్యుదయ భావాలున్న విమర్శకులు. “ఇది కడుపు నిండిన బేరం. ఆకలి తెలియనివాళ్ళు వేసిన బొమ్మ, ఆకలి తెలియనివాళ్ళు చూసే బొమ్మ” అని కొట్టిపారేశారు. మూడవవాడు నాతోపాటు ఓరియంటల్ కళాశాలలో భాషాప్రవీణ చదివిన నా మిత్రుడు. కళ్ళజోడు సవరించుకుని, “శాంతరసం. ఇంక చెప్పటానికేముంది?” అన్నాడు.

అయిదు నిమిషాలలో వ్యవహారం ముగిసింది. పటం మారిపోయింది. ఆ చిత్రాన్ని మాత్రం ఎవరూ చూడలేదు! నేను చూసినవాడినై ఉండి కూడా నోరు మెదపలేదు. ఆ మౌనానికి ప్రాయశ్చిత్తంగా ఆ మూడు తీర్పులకూ ఇక్కడ సమాధానం చెబుతున్నాను.

చూసిన సంగతి

2019 వేసవిలో మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్ళినప్పుడు నన్నూ మా ఆవిడనూ షికాగో తీసుకువెళ్ళారు. మనవాళ్ళు ఆ ఊరు వెళితే మిషిగన్ వీథిలో కంచు సింహాలు కాపలా కాసే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనానికి తప్పక వెళతారు. చిత్రకళ కోసం కాదు. 1893 సెప్టెంబరు 11న వివేకానందస్వామి సర్వమత మహాసభలో ప్రసంగించింది ఆ భవనంలోనే. ఆ చోటికి నమస్కరించి, ఫొటోలు దిగి, మిగిలిన సమయంలో గదులన్నీ ఒక చుట్టు చుట్టి, బయటపడి భోజనానికి వెళ్ళటం ఆనవాయితీ. మేమూ ఆ పనిమీదే వెళ్ళాము. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పి. ఒక గదిలో బల్లమీద కూర్చుండిపోయింది. ఆమెను ఒంటరిగా వదలలేక నేనూ కూర్చున్నాను. ఎదుట గోడమీద ఈ చిత్రం ఉంది. నా ఎంపిక ఏమీ లేదు, మా ఆవిడ మోకాళ్ళ పుణ్యం.

అరగంట కూర్చున్నాము. పది నిమిషాలు గడిచేదాకా నాకూ అది క్యాలెండరు బొమ్మలాగే తోచింది. ఆ తరువాత ఒక్కొక్కటే కనిపించసాగింది.

ఎత్తు సుమారు 81 సెంటీమీటర్లు, వెడల్పు 100 సెంటీమీటర్ల పైచిలుకు. మరీ పెద్దదేమీ కాదు. ఆమె కూర్చున్నది నది నడుమనున్న ఒక లంకలో. ఒడ్డున పడవ ఉంది. అందులోనే వచ్చి ఉండాలి. ఎదుట గ్లొతాఁ అనే చిన్న పల్లె, బెన్‌కూరుకు చేరిన శివారు. ఆమె ముఖం మనకు సరిగా కనిపించదు. మనవైపు తిరగదు. ఆమెను చూద్దామనుకుంటే ఆమె చూపు మన చూపును పట్టుకుపోయి నీటిమీద పడేస్తుంది.

అక్కడ ఒక విశేషం ఉంది. ఈవలి చెట్టు కొమ్మలు, ఆకులు అడ్డుపడి ఆవలి ఒడ్డు చాలామేరకు కప్పుబడిపోయింది. కంటికి నేరుగా అందని ఇంటిగోడ నీటిలో ప్రతిబింబంగా అందుతుంది. ఆకులు దాచినదాన్ని నీరు చూపిస్తున్నది. పైనున్న ఇల్లు, కిందనున్న ఇల్లు, మధ్యలో ఆకులు. ఏది వస్తువో ఏది నీడో తేల్చుకోవటానికి కన్ను శ్రమపడాలి. ప్రశాంతంగా కనిపించే ఆ చిత్రంలో కంటికి ఇంత పని ఉంది.

రంగు కూడా అంతే. దగ్గరికి వెళితే నీరు కనిపించదు. కుంచెతో పట్టీలు పట్టీలుగా వేసిన నీలం, తెలుపు, ఆకుపచ్చ కనిపిస్తాయి. బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంటే మళ్ళీ నీరవుతుంది. మా ఆవిడ ఏ శాస్త్రమూ చదువుకోలేదు. “ఆ చెట్టుకింద నీళ్ళు చూశారా, మన కాలవ నీళ్ళలా నల్లగా ఉన్నాయి” అంది. ఆ మాట నన్ను ఎక్కడ తాకిందో చివర చెబుతాను.

ప్రశాంతత అమ్మేవారికి

అయ్యా, ఆ చిత్రం చూస్తే ఒత్తిడి పోతుందన్నారు. ఆ చిత్రం వేసినవాడి ఒత్తిడి సంగతి వినండి.

1868 నాటికి మోనేకు 27 ఏళ్ళు. ఆ ఒడ్డున కూర్చున్న స్త్రీ కమీల్ దొన్సియో. వారికి అప్పటికి పెళ్ళి కాలేదు. 1870 జూన్‌లో గానీ కాలేదు. 1867 ఆగస్టులో జాఁ అనే కొడుకు పుట్టాడు. కమీల్‌తో ఉన్న సంబంధం కారణంగా మోనే కుటుంబం అతనికి డబ్బు ఇవ్వటానికి నిరాకరించింది. 1867లో ఆయన వేసిన పెద్ద చిత్రం ‘తోటలో స్త్రీలు’ సలోన్ ప్రదర్శనలో తిరస్కరింపబడింది. దానిని మిత్రుడైన బాజీల్ 2500 ఫ్రాంకులకు కొన్నాడు. కొని, ఆ సొమ్మును నెలకు 50 ఫ్రాంకుల చొప్పున చెల్లించాడు. ఆ యాభై ఫ్రాంకుల కోసం మోనే వ్రాసిన లేఖలు చదివితే నెలాఖరున పచారీ కొట్టు ముందు నిలబడిన బడిపంతులు గుర్తుకు వస్తాడు.

బెన్‌కూరులో చవకగా బ్రతకవచ్చునని వారు ఆ పల్లెలోని ఒక సత్రంలో దిగారు. ఆ చోటు సూచించినవాడు నవలాకారుడు జోలా అంటారు. 1868 జూన్ 29న మోనే బాజీల్‌కు వ్రాసిన లేఖ ఒకటి మిగిలి ఉంది. అందులోని సారాంశం ఇది: ఆ సత్రం నుంచి తనను కట్టుబట్టలు కూడా మిగల్చకుండా వెళ్ళగొట్టారు. కమీల్‌ను, పసివాడిని చుట్టుపక్కల పల్లెలో ఎక్కడో కొద్దిరోజులకు తల దాచుకునే ఏర్పాటు చేశాడు. ఎవరైనా ఆదరిస్తారేమోనని ఆ సాయంత్రమే లె హావ్ర్ వెళుతున్నాడు. ముందురోజు ఎంత కలత చెందాడంటే, బుద్ధిలేక నీళ్ళలోకి దూకేశాడు. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు.

ఏ నీళ్ళు? మీరు ధ్యానమందిరంలో వేలాడదీస్తామన్నారే, ఆ సేన్ నది నీళ్ళే కదా!

చిత్రం ముందు వేశాడా, దూకటం ముందా అనే లెక్కలోకి నేను పోను. ఆ వసంత గ్రీష్మాలలో ఆ నదీ, ఆ సత్రమూ, ఆ అప్పులూ కలిసే ఉన్నాయి. ‘ఈ చిత్రం నిజానికి దుఃఖచిత్రం’ అని కూడా నేను వాదించటం లేదు. అలా అనేవాడు కూడా చిత్రాన్ని వదిలి లేఖను చూస్తున్నవాడే. అందులో ఎండ నిజం, నీడ నిజం, ఆమె కూర్చున్న తీరులోని తీరిక నిజం. నా వాదమల్లా ఒక్కటే. ఆ నెమ్మది అంగట్లో దొరికినది కాదు. మరుసటి నెల ఎక్కడ ఉంటామో తెలియని మనిషి ఆకునూ అలనూ వదలకుండా చూసి, చూసినదాన్ని కుంచెకు లొంగదీసుకుని సంపాదించినది. దాన్ని తెచ్చి నిద్రమాత్రగా వాడతామంటే ఎలా? పొద్దున లేస్తే చరవాణిలో ఇటువంటి చిత్రాలు వస్తుంటాయి. వాటి నెత్తిన ఒక శుభోదయం, అడుగున ఒక సూక్తి. సూక్తి చదివి వేలితో పక్కకు నెట్టేయటానికి పట్టే సమయం రెండు క్షణాలు. చూడవలసిన వస్తువును చూడనవసరం లేకుండా చేయటమే ఆ సూక్తి చేసే సేవ.

ఆకలి పేరు చెప్పేవారికి

ఇక విమర్శకులవారు. వారి నిజాయితీ మీద నాకు గౌరవం ఉంది. ఆ సభలో శ్రమజీవి పేరు తలచినవారు ఆయన ఒక్కరే. ‘మిలే వేసిన పరిగె ఏరుకునే స్త్రీలను చూడండి, అదీ కళ’ అని తరువాత టీ త్రాగుతూ అన్నారు. నిజమే. 1857 నాటి ఆ చిత్రం ముందు ఎవరైనా తల వంచవలసిందే. కోత అయిపోయిన చేలో రాలిన గింజల కోసం మూడు నడుములు వంగి ఉంటాయి. మన డెల్టాలో ఆ దృశ్యాన్ని చిత్రంలో చూడనక్కరలేదు.

కానీ నాదొక ప్రశ్న. ఆ ముగ్గురిలో ఒకామె క్షణకాలం నడుము ఎత్తి, చెమట తుడుచుకుని, చేలచివర ఎండను చూసిందనుకోండి. అప్పుడామె మీ కళలోనుంచి బహిష్కృతురాలవుతుందా? నడుము వంగి ఉన్నంతసేపే పేదవాడికి మీ కావ్యంలో చోటా? కూర్చుంటే, చూస్తే, ఊరకుంటే వాడు కడుపు నిండినవాడైపోతాడా?

పోనీ, ఈ చిత్రకారుని కడుపు సంగతే చూద్దాం. 1868 సలోన్‌కు మోనే రెండు చిత్రాలు పంపితే ఒకటి తీసుకుని ఒకటి త్రిప్పికొట్టారు. 1869లో ఏమీ తీసుకోలేదు. 1870లో మళ్ళీ తీసుకోలేదు. సలోన్ గోడ ఎక్కని చిత్రకారుడికి కొనుగోలుదారు దొరకటం కష్టం. చివరకు 1874లో ఆ మిత్రబృందం సలోన్‌తో తెగతెంపులు చేసుకుని, పారిస్‌లో ఒక ఫొటోగ్రాఫరు ఖాళీచేసిన గదుల్లో సొంత ప్రదర్శన పెట్టుకుంది. అక్కడ చూసిన మోనే చిత్రం పేరు పట్టుకుని లూయీ లెరువా అనే పత్రికారచయిత వెటకారంగా వాడిన మాటే ‘ఇంప్రెషనిస్టు’. తిట్టునే పేరుగా పెట్టుకుని నిలబడినవాళ్ళు వాళ్ళు. నెలకు యాభై ఫ్రాంకులు పంపిన బాజీల్ ఆ ప్రదర్శన చూడలేదు. 1870 నవంబరులో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో, 28 ఏళ్ళ వయసులో మరణించాడు.

విమర్శకులవారికి నచ్చే ముక్క ఒకటి నేనే అందిస్తాను. సత్రపు బాకీ తీర్చలేక వీథిన పడిన మనిషి చిత్రం ఆ మ్యూజియానికి ఎవరి సేకరణ నుంచి వచ్చిందో తెలుసా? పాటర్ పామర్ సేకరణ నుంచి, 1922లో. పామర్ షికాగోలో పేరుమోసిన హోటలు యజమాని! ఆయన భార్య బెర్తా పామర్ 1893 నాటి ప్రపంచ ప్రదర్శనలో మహిళా నిర్వాహక సంఘానికి అధ్యక్షురాలు. సత్రం నుంచి గెంటివేయబడ్డ చిత్రకారుడి చిత్రం హోటలు సొంతదారుని గోడకు ఎక్కింది. దీనిమీద మీరు ఎంత ఘాటుగానైనా వ్రాయండి. నేను చేతులెత్తి వంతపాడతాను. కానీ ఆ కోపం గోడ యజమానిమీద చూపించాలి. ఏటి ఒడ్డున కూర్చున్నామె మీద కాదు.

అందమైనదంతా ఉన్నవాడిదే అని మీరు తీర్పు ఇచ్చిన రోజున ఉన్నవాడు మీకు కృతజ్ఞతలు చెబుతాడు. భూమి వాడికే ఉంది, ఏరు కూడా వాడికే వ్రాసిచ్చారు మీరు.

ఒప్పుకోవలసిన మాట

ఇక్కడ నేను గెలిచినట్టు చంకలు గుద్దుకుంటే అధర్మం. విమర్శకులవారు అడగని ప్రశ్న ఒకటి ఉంది. అడిగి ఉంటే నాకు చిక్కయ్యేది.

మోనే అప్పులు తెలుసు, లేఖలు తెలుసు. కమీల్ సంగతి? ఆ ఒడ్డున కూర్చుని ఆమె ఏమనుకుంటున్నది? పది పదకొండు నెలల పసివాడు ఉండాలి కదా, వాడు ఈ చిత్రంలో కనిపించడే! ఎవరి చేతుల్లో ఉన్నాడు? ఆ కూర్చోవటం ఆమెకు విశ్రాంతియా, లేక కదలకుండా కూర్చోమంటే కూర్చున్న కొలువా? చిత్రకారుని ఎదుట గంటలతరబడి కూర్చోవటం కూడా ఒక చాకిరీయే. చూస్తున్నది ఆమెయే అని మనం అనుకుంటాము. నిజానికి ఆ చూపు ఎవరిది?

ఇంకా కఠినమైన మాట ఒకటి ఉంది. కమీల్ 1879 సెప్టెంబరులో వెతేయ్ గ్రామంలో జబ్బుపడి చనిపోయింది. ఆమెకు అప్పటికి 32 ఏళ్ళు. మృత్యుశయ్యమీద ఉన్న ఆమెను మోనే చిత్రించాడు. ఆ చిత్రం నేడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ప్రాణప్రదమైన ముఖంమీద మృత్యువు తెస్తున్న నీలం, పసుపు, బూడిద వన్నెలను తన కన్ను తనకు తెలియకుండానే లెక్కపెట్టుకుంటూ పోయిందని, దానికి తానే దిగ్భ్రాంతి చెందానని వృద్ధాప్యంలో తన మిత్రుడు క్లెమాన్సోతో చెప్పుకున్నాడు. క్లెమాన్సో ఆ మాటను తన పుస్తకంలో నమోదు చేశాడు.

చూడటం అంత నిర్మలమైన వ్యాపారం కాదని నాకు అప్పుడు తెలిసింది. చూసే కన్ను ప్రేమిస్తుంది, అదే కన్ను మనిషిని రంగులపట్టీగా కూడా మార్చివేస్తుంది. నేను ఆ చిత్రాన్ని సమర్థిస్తున్నానంటే ఈ దోషాన్ని దాచిపెట్టి కాదు. కమీల్ ఏమనుకున్నదో చెప్పే లేఖ నా ముందు లేదు. చిత్రంలో ఆమె ముఖం కూడా లేదు. ఆ లోటును లోటుగా గుర్తించటం కూడా చూడటంలో భాగమే అని మాత్రం అంటాను. రెండు క్షణాలు చూసినవాడికి ఆ లోటు కూడా తెలియదు.

నా పండితమిత్రునికి

ఇక నా కులస్థుడు, అంటే పండితకులస్థుడు. ఒరే మిత్రమా, శాంతరసమన్నావు. బాగుంది. శాంతానికి స్థాయీభావమేమిటిరా? నాట్యశాస్త్రంలో రసాలు ఎనిమిదే అన్నవారున్నారు. నాటకంలో శాంతానికి చోటే లేదని ధనంజయుడు పట్టుబట్టాడు. మమ్మటుడు నిర్వేదాన్ని స్థాయిగా చెప్పాడు. అభినవగుప్తుడు తత్త్వజ్ఞానమన్నాడు. వందల ఏళ్ళు తలలు బద్దలుకొట్టుకున్న విషయాన్ని నువ్వు కళ్ళజోడు సవరించుకునేంత సేపట్లో తేల్చేశావు.

నిర్వేదమంటే లోకంమీద విరక్తి. ఈ చిత్రంలో విరక్తి ఎక్కడుంది? ఆకు ఆకునూ, నీటి తళుకు తళుకునూ వదలలేకపోయినవాడు వేసిన చిత్రమిది. లోకానికి వీపు చూపినవాడి పని ఇలా ఉండదు. స్థాయీభావం చెప్పి తీరాలంటే నేను విస్మయం అంటాను. దానిమీద వాదం పెట్టుకోవటానికి మాత్రం నాకు ఇష్టం లేదు. రసం పేరు చెప్పగానే చూసే పని పూర్తయిందనుకోవటమే మన జబ్బు. వైద్యుడు రోగిని తాకకుండా మందు వ్రాసిచ్చినట్టు!

మరొక సంగతి. దండి మహాకావ్యానికి చెప్పిన వర్ణనలను పద్దెనిమిదిగా లెక్కకట్టి మనం విద్యార్థులచేత వల్లె వేయించాము. నగరం, సముద్రం, పర్వతం, ఋతువు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం, జలక్రీడ, ఇలా సాగుతుంది పట్టిక. అందులో జలక్రీడ ఉంది. నీటి ఒడ్డున ఊరికే కూర్చోవటం లేదు. దండిని నిందించను. ఆయన కావ్యలక్షణం చెప్పాడు. కళ్ళు మూసుకోమని చెప్పలేదు. మన కవులలో కళ్ళు తెరిచి చూసినవారు లేరా? ‘ఆముక్తమాల్యద’లో వానాకాలాన్నీ వేసవినీ చదివినవాడెవడైనా రాయలవారు పల్లెల్లో తిరిగి చూడలేదని అనగలడా? ఆ పద్యాలు నేను ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. ప్రతిపదార్థం చెప్పాను, సమాసాలు విడగొట్టాను, ఛందస్సు గురులఘువులు వేయించాను. ‘కిటికీలోంచి బయటికి చూడండర్రా’ అని ఒక్కసారి అన్న గుర్తు లేదు.

ఎర్రసిరా

మా ఆవిడ మాట నన్ను తాకిన చోటు ఇది.

1994 ప్రాంతంలో నేను గోదావరి డెల్టాలో ఒక కాలువగట్టు ఊళ్ళో ఉన్నతపాఠశాల పండితుడిని. తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. తండ్రి వ్యవసాయకూలీ. వాడు మధ్యాహ్నం భోజనం బెల్లులో గట్టుమీద చింతచెట్టు క్రింద కూర్చుని కనిపించేవాడు. ఆటల్లోకి పోడు. వాడికి ఇంటినుంచి అన్నం రాని రోజులు ఉండేవని నాకు తరువాత తెలిసింది. ఒకసారి పిలిచి, “ఏం చేస్తుంటావురా అక్కడ?” అని అడిగాను. “చూస్తుంటానండి” అన్నాడు. “చూస్తే ఏమొస్తుంది? ఆ సమయంలో నాలుగు పద్యాలు బట్టీ పట్టు” అన్నాను.

ఆ ఏడు అర్ధసంవత్సర పరీక్షలో ‘మా ఊరి కాలువ’ అని వ్యాసం ఇచ్చాను. నలభైమంది పిల్లలు నేను చెప్పించినట్టే నిర్మలమైన నీరు, కలకలారావములు, హంసలు అని వ్రాశారు. మా కాలువలో హంస దిగినట్టు ఎవరూ ఎరుగరు. ఈ కుర్రవాడు మాత్రం వేరే వ్రాశాడు. వాడి మాటలు యథాతథంగా నాకు గుర్తులేవు, సారం మరిచిపోలేను. కాలువ నీళ్ళకు ఒక రంగంటూ లేదు. చింతచెట్టు క్రింద నల్లగా ఉంటాయి. గేదెలు దిగిన రేవులో ఎర్రగా ఉంటాయి. నడుమ మాత్రం చూడలేనంత తెల్లగా ఉంటాయి. ఆవలి గట్టున మా ఇల్లు చెట్ల చాటున కనిపించదు గానీ నీళ్ళలో కనిపిస్తుంది. అదీ వాడు వ్రాసినది.

నేను ఎర్రసిరాతో ‘నల్లగా’ అనే మాట కొట్టివేసి పైన ‘నిర్మలముగా’ అని వ్రాశాను. ప్రక్కన ‘అలంకారములు లేవు’ అని వ్యాఖ్య. పదికి మూడు మార్కులు.

వాడు ఆ కాగితం తీసుకుని ఏమీ అనలేదు. పదో తరగతి పరీక్షలకు ముందే బడి మానేశాడు. ఇల్లు గడవక మానేశాడు. నా మూడు మార్కులవల్ల అని చెప్పుకుంటే అది నాకు నేను ఇచ్చుకునే గొప్ప అవుతుంది. తరువాత వాడేమయ్యాడో ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు. పాతికేళ్ళ తరువాత సముద్రాలు దాటివెళ్ళి, ఒక గోడముందు కూర్చుంటే, చెట్టుచాటున దాగిన ఇల్లు నీళ్ళలో కనిపిస్తున్నది! ఆ గోడముందు నాకు కలిగినది ప్రశాంతత కాదు.

ఆ పిల్లవాడు మోనే అని నేను అనటం లేదు. అనవసరమైన పోలికలతో వాడిని మళ్ళీ అవమానించను. వాడు వాడి కాలువను చూశాడు. అంతే. చూసినదాన్ని చూసినట్టు వ్రాశాడు. సలోన్‌లో కూర్చున్న న్యాయనిర్ణేతలు చేసిన పనే మా బడిలో నేను చేశాను. వాళ్ళకు కనీసం ఎదుట తైలవర్ణచిత్రాలు వేలకొద్దీ ఉన్నాయని సాకు ఉంది. నా ముందు ఉన్నది నలభై కాగితాలు, బడి కిటికీలోంచి కాలువ. తల త్రిప్పితే సరిపోయేది.

విమర్శకులవారికి కూడా నా అసలు సమాధానం ఈ పిల్లవాడే. అన్నం రాని మధ్యాహ్నం వాడు నీళ్ళు చూశాడు. ఆకలి తెలియకనా? వాడికి ఆ గట్టుమీద కూర్చునే హక్కు లేదని చెప్పటానికి ఒక పండితుడు ముందే సిద్ధంగా ఉన్నాడు. వాడి పక్షాన మాట్లాడుతున్నామనే మీరు కూడా అదే మాట వేరే కారణంతో అంటే, ఇక వాడు ఎక్కడ కూర్చోవాలి?

షికాగో మ్యూజియంవారు 2018 నుంచి తమ సేకరణలోని వేలాది చిత్రాల ప్రతులను అంతర్జాలంలో ఉచితంగా ఉంచారు. ఈ చిత్రం కూడా మీ కంప్యూటరు తెరమీద చూడవచ్చు. తెరమీది ప్రతి అసలుకు సాటి కాదు. అయినా పది నిమిషాలు చూడండి. పేరు పెట్టకండి, సూక్తి తగిలించకండి, తీర్పు చెప్పకండి. పది నిమిషాల తరువాత మీకు అది నచ్చకపోతే నాకు అభ్యంతరం లేదు. చూసి తిట్టినవాడితో నాకు తగాదా లేదు.

నా వృత్తిలో ఇంకా ఉన్న చిన్నవారికి మాత్రం ఒక మనవి. రేపు మీ తరగతిలో ఏ పిల్లవాడైనా, పిల్లయినా నీరు నల్లగా ఉందని వ్రాస్తే, ఎర్రకలం తీసేముందు లేచి ఒకసారి కాలువదాకా వెళ్ళిరండి.